ఆగుతదా అని చూడాలె

మా ఆయన ఆ మాట మార్చిలో ఒక శుక్రవారం చెప్పాడు. ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు, శుక్రవారం సెలవు. వీడియో కాల్‌లో అంగీలు ఆరేసుకుంటూ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు అన్నాడు.

"నీకు గా బడిల నౌకరి దొరికితే నేను అచ్చేస్త. దొరకకుంటే ఇంకో రెండేండ్లు ఈడనే."

పదకొండేళ్లుగా ఆయన అక్కడే ఉన్నాడు. రెండేళ్లకోసారి వస్తాడు, రెండు నెలలు ఉంటాడు, వెళ్తాడు. మా కోరుట్లలో ఇది వింతేమీ కాదు. మా గల్లీలో ఏ ఇంటి తలుపు తట్టినా దుబాయో, దోహానో, మస్కటో పలుకుతుంది. ఆయన కాంట్రాక్టు జూన్ చివరికి అయిపోతుంది. ఉంటాడో వచ్చేస్తాడో అంతకంటే ముందే కంపెనీకి రాసివ్వాలి. వచ్చి కోరుట్లలోనే ఏసీల దుకాణం పెట్టాలని ఆయన ఆశ. దుకాణం నిలదొక్కుకునేదాకా ఇంట్లో ఒక జీతం ఉండాలి. ఆ జీతం నేను తేవాలి.

బడి మా ఇంటికి రెండు గల్లీల అవతల. మా బిడ్డ అక్కడే చదువుతుంది. పిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచర్ మానేసిందని తెలిసి, నేను పెళ్లికి ముందు బీకాం చదివానని చెప్పుకుంటూ వెళ్లాను. ప్రిన్సిపాల్ సారు, "ఇప్పుడు ఆరో తరగతి నుంచే కోడింగ్ పెట్టినం అమ్మా. అది నేర్చుకోండి. జూన్‌ల బడి తెరువంగనే ఒక క్లాసు చెప్పి చూపియ్యండి. మంచిగుంటే మీకే ఇస్తం" అన్నారు.

అట్లా ముప్పై ఏడేళ్ల వయసులో నేను జగిత్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. రోజూ పొద్దున కోరుట్లలో బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుని, జగిత్యాలలో దిగి, ఎండలో నడిచి మేడ ఎక్కేదాన్ని. క్లాసులో అందరూ ఇంటర్ పిల్లలు. నేను లోపలికి రాగానే మొదటి రోజు లేచి నిలబడ్డారు, టీచర్ అనుకుని. తర్వాత నేను వాళ్ల పక్కనే కూర్చునేసరికి నవ్వు ఆపుకోలేకపోయారు. చెప్పే మేడంకు పాతికేళ్లుంటాయి. ఆమె నన్ను అక్కా అనేది, నేను ఆమెను మేడం అనేదాన్ని.

నాకు ముక్కు మీద కోపం. మా అత్తమ్మ అయితే కోపం మీద ముక్కు అంటుంది. మొదటి రెండు వారాలు ఆ కోపమంతా కీబోర్డు మీదే చూపించాను. ఒక చుక్క తప్పితే ఎర్ర గీత, ఒక బ్రాకెట్టు మరిస్తే ఎర్ర గీత. ఇంత చిన్న తప్పుకు ఇంత రాద్ధాంతం చేసే దాన్ని నేను మా ఆడపడుచు తర్వాత దీన్నే చూశాను.

ఏప్రిల్‌లో ఒకరోజు మేడం బోర్డు మీద ఇఫ్ అని రాసింది. కింద ఎల్స్ అని రాసింది.

"అక్కా, ఇప్పటిదాక మనం చెప్పింది చెప్పినట్టు చేసింది కంప్యూటర్. ఇగ నుంచి అది చూసి చేస్తది" అంది.

వయసు అడిగే ప్రోగ్రామ్ రాయమంది. పద్దెనిమిది నిండితే ఓటు ఉంది అని చెప్పాలి, లేకపోతే లేదు అని చెప్పాలి. షరతు ఒక లైన్‌లో రాసి, దాని కింది లైన్ కాస్త లోపలికి జరిపి రాయాలి. లోపలికి జరిగిన లైన్ ఆ షరతు నిజమైతేనే నడుస్తుంది, లేకపోతే అక్కడ లేనట్టే. నేను రాశాను. ముప్పై ఏడు అని కొట్టాను. ఓటు ఉంది అంది. మా బిడ్డ వయసు, పన్నెండు కొట్టాను. లేదు అంది.

నేను చేతులు కీబోర్డు మీది నుంచి తీసేశాను. దానికి మా బిడ్డ ఎవరో తెలియదు. ఓటంటే ఏమిటో తెలియదు. నేను రాసిన నాలుగు లైన్లు అవే, ఒక్క అక్షరం మారలేదు. కానీ పోయినసారి ఒక దారిన పోయింది, ఈసారి ఇంకో దారిన పోయింది. నేను లేని చోట, నేను చూడని మనిషి వచ్చి ఏ అంకె కొట్టినా, నేను ముందే ఆలోచించి పెట్టిన దారుల్లో ఒకదాన్ని అది పట్టుకుంటుంది. నా ఒళ్లు జలదరించింది. పక్కనున్న పిల్ల "ఏమైంది ఆంటీ, ఏసీ ఎక్కువున్నదా?" అని అడిగింది. ఏసీ అసలు నడవడం లేదు.

ఆ రోజు సాయంత్రం బస్సులో కండక్టర్ నా కార్డు చూసి జీరో టికెట్టు కొట్టింది. నా వెనకాయనను డబ్బులు అడిగింది. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం కండక్టర్ చేతిలోని మిషన్ వైపు అలాగే చూస్తూ ఉండిపోయాను. ఇంటికొచ్చి కరెంటు కుక్కర్‌లో అన్నం పెట్టాను. నీళ్లు ఇగిరిపోగానే దాని మీట టక్కున పైకి లేచింది. ఇన్నేళ్లు నేను వండుతున్నాననుకున్నాను, అది చూస్తోంది. లోకమంతా ఎవరో ఒకరు ముందే ఆలోచించి పెట్టిన ఇఫ్‌లతో నిండి ఉందని అనిపించి, ఆ రాత్రి అన్నం వడ్డించడం కూడా మరిచిపోయాను. మా అత్తమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

తర్వాత నా గర్వం ఎంతోకాలం నిలవలేదు.

బడిలో చూపించడానికి నేను ఒక ప్రోగ్రామ్ అనుకున్నాను. పిల్లలు రోజు పేరు కొడితే, ఆ రోజు సెలవో బడి ఉందో చెప్పాలి. ఆదివారం అయినా, రెండో శనివారం అయినా సెలవు. లేకపోతే బడి. పిల్లలకు ఇంతకంటే ఇష్టమైన లెక్క ఇంకేముంటుంది అనుకుని ముచ్చటపడి రాశాను. మే మొదటి వారంలో మేడం అందరినీ తలా ఒక ప్రోగ్రామ్ తెర మీద చూపించమంది. నేను లేచి ఆదివారం అని కొట్టాను. సెలవు అంది. రెండో శనివారం కొట్టాను. సెలవు అంది. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక నుంచి ఒక పిల్ల "సోమవారం కొట్టుండ్రి ఆంటీ" అంది.

కొట్టాను. సెలవు అంది.

మంగళవారం కొట్టాను. సెలవు. బుధవారం, సెలవు. క్లాసు మొత్తం "గిసొంటి బడి మాకు గావాలె" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ చెవులు కాలిపోయాయి. మేడం తప్పెక్కడో చెప్పలేదు. "మీరే ఎతకాలె అక్కా. రేపు పిల్లల ముందట గిట్లయితే నేనుండ కదా" అంది. మాట నిజమే, అందుకే ఇంకా కోపం వచ్చింది. మూడు రోజులు ఆ నాలుగు లైన్లు చూశాను. ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది. ఎర్ర గీత ఒక్కటీ లేదు. ఎర్ర గీత ఉంటే బాగుండు అనిపించిన రోజులు అవి.

శుక్రవారం మా ఆయన ఫోన్ చేస్తే ఏడ్చాను.

"నాతోని కాదు. గీ వయసుల నాకు గివన్నీ అబ్బయి. బంద్ చేస్త. నువ్వు గా కాగితం మీద సంతకం పెట్టు, ఇంకో రెండేండ్లు ఉండు."

ఆయన "సరే గని, ఫీజు కట్టినవ్ కదా, గీ నెలైతే పోయిరా" అన్నాడు. నా బాధ ఆయనకు పట్టలేదనుకున్నాను. ఫోన్ పెట్టేసి అత్తమ్మ మీద అరిచాను, ఆమె చేసిన పాపమేమీ లేకపోయినా.

ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. ఎండాకాలం సెలవులకు మా బిడ్డ అక్కడ మా బాపు దగ్గర ఉంది, తీసుకురావాలి. మాది నేతపని ఇల్లు. మా బాపుకు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచలున్నాయి. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. నేను ఆ చప్పుడులోనే పుట్టి, ఆ చప్పుడులోనే బీకాం చదివాను. చాలా ఏళ్లు దాన్ని పట్టించుకోలేదు.

బాపు సాంచల మధ్య నడుస్తున్నాడు. నన్ను చూసి చేత్తోనే కూచోమన్నాడు. నేను కూచోలేదు. మొదటి సాంచ దగ్గర నిలబడ్డాను. బాపు జేబులోంచి చిన్న కత్తెర తీసి, నడుస్తున్న సాంచలో పేక దారాన్ని, అంటే షటిల్ అటూ ఇటూ మోసుకుపోయే అడ్డం దారాన్ని, టక్కున తెంపాడు. సాంచ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోయింది. బాపు తల ఊపి, దారం సరిచేసి మళ్లీ నడిపించాడు. రెండో సాంచ దగ్గరికి పోయి అక్కడా తెంపాడు. అదీ ఆగింది. చిన్నప్పటి నుంచి పొద్దున పని మొదలుపెట్టగానే ఆయన ఇది చేయడం చూస్తున్నాను. ఏదో అలవాటు అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను.

"బాపూ, మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు తెంపుతవ్?"

బాపు నన్ను వంగమని, పేకను గుడ్డకు కొట్టే దువ్వెన లాంటి అచ్చు పక్కన ఉన్న చిన్న ఇనుప ముల్లును చూపించాడు. మూడు పళ్లుంటాయి దానికి. ఫోర్కు అంటారు.

"షటిల్ పోయి అచ్చినప్పుడల్ల గిది ఒకపారి దారాన్ని ముట్టుకుంటది. దారం ఉంటే గా దారమే దీన్ని జరుపుతది, సాంచ నడుస్తది. దారం తెగితే ఇది జరగది. జరగకుంటే గీ కొక్కెం పట్టుకొని సాంచను ఆపుతది."

నేను ఆ ముల్లును చూస్తూ నిలబడ్డాను. నిమిషానికి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్క పెట్టలేకపోయాను. ప్రతిసారీ అది అడుగుతోంది. దారం ఉందా? ఉంది, నడువు. దారం ఉందా? ఉంది, నడువు. ఆ ముల్లుకు కరెంటు తీగ లేదు, తెర లేదు, కీబోర్డు లేదు. నేను పుట్టకముందు భివండి నుంచి పాతదిగా కొనుక్కొచ్చిన సాంచ అది. నేను జగిత్యాలకు బస్సులో పోయి నేర్చుకుంటున్నది, మా ఇంటి వెనక రేకుల కింద నా పుట్టుకకు ముందు నుంచీ జరుగుతోంది. దాని పక్కనే తిని, పడుకుని, అరిచి, అలిగి పెరిగాను. నా కళ్లలో నీళ్లు చూసి బాపు దుమ్ము పడిందనుకున్నాడు.

మూడో సాంచనూ తెంపి చూశాడు. నాలుగోదాని దగ్గర మాత్రం కత్తెర తీయలేదు. వంగి చూస్తే, దాని ఫోర్కును ఒక గుడ్డ పేలికతో పైకి లాగి కట్టేసి ఉంది.

"గిదేంది బాపూ?"

బాపు కాస్త సిగ్గుపడ్డాడు. "దాని పల్లు వంగింది. దారం ఉన్నా లేదనుకొని ఊకె ఆగుతున్నది. బాగుచేసే మేస్త్రి రేపు అస్త అన్నడు. అందాక కట్టేసిన."

"కట్టేస్తే?"

"ఇగ ఆగది. దారం ఉన్నా నడుస్తది, లేకున్నా నడుస్తది. మనమే కన్నేసి ఉండాలె."

కన్నేసి ఉండాల్సిన మనిషి నాతో మాట్లాడుతున్నాడు. ఆ మాట ముగిసేలోపే నాలుగో సాంచ షటిల్‌లో దారం చుట్టిన కండె అయిపోయింది. దారం లేదు. షటిల్ ఖాళీగా అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది, సాంచ అదే హుషారుగా చప్పుడు చేస్తూనే ఉంది. నిలువునా ఉండే పడుగు దారాలు ముందుకు జరుగుతున్నాయి, వాటి మధ్య అడ్డం దారం లేదు. జానెడు మేర గుడ్డ గుడ్డ కాకుండా పోయింది. బాపు ఒక్క ఉరుకున వెళ్లి ఆపాడు. వెనక్కి తిప్పుకుంటూ తనను తానే తిట్టుకున్నాడు.

నేను అక్కడే, షెడ్డు మధ్యలో, నా ప్రోగ్రామ్‌ను చూశాను. సోమవారం, సెలవు. మంగళవారం, సెలవు. అదీ ఇంతే హుషారుగా చెప్పింది. నాది అసలు ఏమీ చూడడం లేదు. నేను ఎక్కడో దాని ఫోర్కును కట్టేశాను.

"బాపూ, నేను ఒకటి చేసిన. మంచిగ నడుస్తున్నది గని తప్పు చెప్తున్నది. ఎక్కడ కట్టేసిన్నో ఎరుకైతలేదు" అన్నాను.

బాపుకు కంప్యూటర్ అంటే టీవీ లాంటిది. కానీ నా ప్రశ్నకు ఆయన నవ్వలేదు. పేలిక విప్పుతూ చెప్పాడు.

"నడుస్తదా అని అందరు చూస్తరు బిడ్డా. నడుస్తున్నది కండ్ల ముందట కనవడుతనే ఉంటది, దాన్ని చూసుడేంది. ఆగుతదా అని చూడాలె. ఒక్కొక్కటి తెంపి చూడు."

నేను ఆదివారం కొట్టి, రెండో శనివారం కొట్టి, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆగాల్సిన రోజు ఒక్కటీ నా అంతట నేను కొట్టి చూడలేదు. ఏడో తరగతి దాటని మా బాపు ముందు బీకాం చదివిన నేను తల దించుకున్నాను. సిగ్గుతో కాదు. దండం పెట్టబుద్ధయింది, పెడితే ఏమైందని కంగారు పడతాడని ఊరుకున్నాను.

సోమవారం జగిత్యాలలో కూర్చుని బాపు చెప్పినట్టే చేశాను. నా షరతులో రెండు ముక్కలున్నాయి. మొదట రెండో శనివారం ముక్క తీసేసి, ఆదివారం ఒక్కటే ఉంచాను. సోమవారం కొట్టాను. బడి ఉంది అంది. అంటే ఈ ముక్క ఆగుతోంది. తర్వాత ఆదివారం తీసేసి రెండో శనివారం ముక్క ఒక్కటే ఉంచాను. సోమవారం కొట్టాను. సెలవు అంది. ఇక్కడే కట్టేశాను.

అప్పుడు కనిపించింది. రోజు ఆదివారమా, లేదా రెండో శనివారమా అని నేను రాసుకున్నాను. మనిషికి అది చాలు. కంప్యూటర్‌కు రెండోసారి కూడా 'రోజు' అని చెప్పాలి. రోజు ఆదివారమా, లేదా రోజు రెండో శనివారమా అని. నేను చెప్పలేదు. దాంతో అది రెండో శనివారం అన్న మాటను దేనితోనూ పోల్చకుండా ఒంటరిగా చూసింది. అక్కడేమైనా ఉందా? ఉంది, ఖాళీగా లేదు. ఖాళీగా లేకపోతే దాని దృష్టిలో అవును. ఏ రోజు కొట్టినా అవును. ఒక్క మాట చేర్చాను. సోమవారం కొట్టాను.

బడి ఉంది అంది. నేను చప్పట్లు కొట్టాను, ఒక్కదాన్నే.

"దొరికిందా అక్కా? ఎట్ల పట్టుకున్నరు?" అని మేడం వచ్చింది. మా బాపు చెప్పాడన్నాను. ఆయన ఎక్కడ సాఫ్ట్‌వేర్ అని అడిగింది. సిరిసిల్ల అన్నాను.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో నా క్లాసు. ఆరో తరగతి పిల్లలు ముందు బెంచీల్లో, ప్రిన్సిపాల్ సారు, ఇద్దరు టీచర్లు వెనక. ఆదివారంతో మొదలుపెట్టలేదు. "ఇది సెలవు ఎప్పుడు ఇయ్యదో ముందు చూద్దాం" అని ఒక్కొక్కరిని పిలిచి కొట్టమన్నాను. సోమవారం, బడి ఉంది. గురువారం, బడి ఉంది. ఒకమ్మాయి నా బర్త్‌డే అని కొట్టింది. బడి ఉంది అంది. క్లాసు ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ సారు కూడా లేచి వచ్చి ఏదో కొట్టారు, ఆయనకూ బడి ఉంది అనే చెప్పింది. చివరికి ఆదివారం కొట్టి సెలవు వచ్చినప్పుడు పిల్లలు పెట్టిన కేకకు పక్క క్లాసు టీచర్ వచ్చి తొంగిచూసింది. గంట కొట్టాక సారు "సోమవారం నుంచి రండమ్మా" అన్నారు.

బడి గేటు దాటకముందే మా ఆయనకు ఫోన్ చేశాను. పనిలో ఉన్నాడు, వెనక డ్రిల్లు చప్పుడు.

"నౌకరి అచ్చింది. కంపెనీకి రాసియ్యి, నువ్వు ఉంటలేవని. ఇయ్యాల్నే రాసియ్యి."

డ్రిల్లు ఆగింది. ఆయన నవ్వాడు. "రాసిచ్చి నెల అయితున్నది."

నాకు అర్థం కాలేదు. నెల కిందట నాకు నౌకరి ఎక్కడిది? మళ్లీ అడిగాను.

"నువ్వు నాతోని కాదు, బంద్ చేస్త అని ఏడ్చినవ్ గదా. గా తెల్లారే రాసిచ్చిన."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు జగిత్యాల పోవుడు బంద్ చేస్తువు."

గేటు దగ్గరే నిలబడి ఆయనను నోటికొచ్చినట్టు తిట్టాను. నౌకరి రాకపోతే ఏం తినేవాళ్లం, దుకాణం ఎట్లా పెట్టేవాడివి, నన్నడగకుండా ఎట్లా రాసిచ్చావు అని. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "ఏదో ఒకటి చూసుకుందుము. నువ్వు గట్ల ఏడ్సంగ ఇంకో రెండేండ్లు ఈడ ఎట్లుంట?" అన్నాడు.

మూడు నెలలు నేను ఆ షరతు మోశాను. నౌకరి దొరికితే వస్తాడు, దొరకకపోతే రాడు. ఆయనేమో రెండు వైపులా ఒకే లైన్ రాసి పెట్టుకున్నాడు. దొరికితే వస్తాడు, దొరకకపోయినా వస్తాడు. రెండు దారుల్లో ఒకటే ఉన్నప్పుడు ఇక ఆ ఇఫ్ ఎందుకు, కొట్టెయ్యమని నా ఆరో తరగతి పిల్లలైనా చెబుతారు. ఎండలో, బడి గోడకు ఆనుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడిపోయాను. ఇంత పెద్ద మాటను ఆ మనిషి నెల రోజులు ఒక్కడే ఎట్లా దాచుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

టికెట్టు ఎప్పటికి తీశావని అడిగాను. జూలై మూడో తేదీకి అన్నాడు. ఆయన వచ్చే ప్రతిసారీ నేను రెండు తేదీలు రాసుకుంటాను, వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. అలవాటుగా బ్యాగులోంచి పెన్ను తీసి, అరచేతిలో మొదటిది రాసుకున్నాను. రెండోది అడగడానికి నోరు తెరిచి, పెన్ను మూత పెట్టేశాను.